ఒక్కరోజు టికెట్టు, ఏడాది పాసు, ఒకే వరస: వినోద పార్కుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

రాయగడ, ఒడిశా

వినోద పార్కుల యాజమాన్యాల వారికి, వాటికి అనుమతులిచ్చే పర్యాటక శాఖల అధికారులకు,

విషయం: ఏడాది పాసులను హద్దు లేకుండా అమ్మడం వల్ల, దూరప్రాంతాల నుంచి ఒక్కరోజు టికెట్టుతో వచ్చే కుటుంబాలు ఆ రోజంతా వరసల్లోనే గడపవలసి రావడం గురించి.

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారాలు. రైల్వే బుకింగ్ కౌంటరు వెనక ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని, అద్దానికి అవతల నిలబడిన జనం వరసను చూస్తూ పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఈ లేఖ రాయడానికి ముందు ఒక పార్కు యాజమాన్యానికి మా కష్టాన్ని మూడుసార్లు ఈమెయిలు ద్వారా తెలియజేశాము, ఒకసారి కస్టమర్ కేర్‌కు ఫోను చేసి నలభై నిమిషాలు సంగీతం విన్నాము (అక్కడా వరసే). మూడు ఈమెయిళ్ళకూ ఒకే జవాబు వచ్చింది. పంపిన నిమిషంలోపే వచ్చింది కనుక దాన్ని మనిషెవరూ చదివి రాయలేదని తెలుస్తూనే ఉంది. ఆ పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు. మా వీధిలోనూ, బంధువుల్లోనూ వేరువేరు ఊళ్ళ పార్కులకు వెళ్ళివచ్చినవారు చెప్పిన కథలన్నీ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి కాబట్టి, ఇది పద్ధతిలోనే ఉన్న లోపమని మా అభిప్రాయం.

గత వేసవిలో మా వీధిలోని నాలుగు కుటుంబాలవాళ్ళం, పిల్లలతో కలిపి పదిహేడుమందిమి, రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి ఆ నగరంలో దిగి, స్టేషనులోనే స్నానాలు కానిచ్చుకుని, పార్కు గేటు తెరవకముందే వెళ్ళి నిలబడ్డాము. ఆ రోజు శనివారం. గేటు దగ్గర నా ముందు ఒక కుర్రవాడు చేతిలో సంచీ అయినా లేకుండా, ఫోను మాత్రం పట్టుకుని ఉన్నాడు. మాటల్లో పెడితే, ఏడాది పాసు తీసుకున్నాననీ, ఆ నెలలో అది ఐదో రాక అనీ, రెండు రైడ్లు ఎక్కి ఇంటికి వెళ్ళి భోంచేస్తాననీ చెప్పాడు. మంచి పిల్లవాడు. ఏ రైడు దగ్గర ఎప్పుడు జనం పలచబడతారో మా మనవరాలికి చెప్పింది కూడా అతనే. అతని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. అమ్మినదాన్ని అతను కొనుక్కున్నాడు.

ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఆరు వరకు ఉన్న ఏడు గంటల్లో మేము ఎక్కగలిగినవి ఐదు రైడ్లు. నా జేబు పుస్తకంలోని లెక్క ప్రకారం వరసల్లో నిలబడినది నాలుగు గంటల యాభై నిమిషాలు, ఐదు రైడ్ల మీద కూర్చున్నది పావుగంట లోపు. పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర బోర్డు మీద నలభై నిమిషాలని రాసి ఉండగా, మాకు పట్టినది గంటంపావు. తీరా పైకి చేరాక అక్కడ పాతిన కొలకర్ర పక్కన నిలబెట్టి, మా మనవరాలు రెండు వేళ్ళు పొట్టిగా ఉందని పక్కకు తప్పించారు. భద్రత కోసం పెట్టిన నియమాన్ని తప్పుపట్టను. ఆ కర్రను వరస మొదట్లో పాతి ఉంటే గంటంపావు ఎండలో నిలబడే పని తప్పేది. దిగి వస్తూ ఆ పిల్ల "తాతా, ఇంక ఇంటికెళ్ళిపోదామేటి?" అంది. అప్పటికి ఇంకా మూడున్నర కాలేదు.

ఈ అనుభవం వెనక ఉన్న లెక్కనూ, దాని ఫలితాలనూ తమ ముందు ఉంచుతున్నాను.

1. వరసలో ఉన్నవారి సంఖ్యను గంటకు ముందుకు కదిలేవారి సంఖ్యతో భాగిస్తే వేచి ఉండే సమయం వస్తుంది. దీన్ని జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో గణితపరంగా నిరూపించారు. బుకింగ్ కౌంటరులో కూర్చున్నవాడికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. మేము చూసిన కోస్టర్‌లో ఇరవై నాలుగు సీట్ల బండి రెండు నిమిషాలకు ఒకసారి కదిలింది, అంటే గంటకు 720 మంది. గంటకు 800 మంది ఆ వరసలోకి వచ్చి చేరుతుంటే, గంటకు 80 మంది చొప్పున మిగిలిపోతూ ఐదు గంటలయ్యేసరికి 400 మంది పోగవుతారు, చివరివాడు 33 నిమిషాలు ఆగుతాడు. అదే గంటకు 900 మంది వస్తే ఐదు గంటలకు 900 మంది పోగవుతారు, చివరివాడు 75 నిమిషాలు ఆగుతాడు. వచ్చేవారు ఎనిమిదో వంతు పెరిగితే నిరీక్షణ రెండింతలు దాటింది. సామర్థ్యం అంచున నడుస్తున్న రైడు దగ్గర ఆ కొద్దిపాటి పెరుగుదలే వరసను చేయి దాటించేస్తుంది. పాసు పట్టుకుని "కాసేపు తిరిగొద్దాం" అని మధ్యాహ్నం వచ్చే ఆ కొద్దిమంది, అప్పటికే నిండిన శనివారాన్ని పొంగించేస్తారు. గేటు దగ్గర మొత్తం ఎంతమంది వచ్చారో చూసుకుని "నిన్నటి కంటే కాస్త ఎక్కువేలే" అని సర్దుకునే యాజమాన్యానికి ఈ సంగతి కనబడదు.

2. ఆ రోజు షెడ్డులో రెండో బండి కవరు కప్పుకుని ఉంది. నేను అడిగితే ఆపరేటరు "ఆదివారం తీస్తామండీ" అన్నాడు. రెండు బండ్లు నడిపి, నిమిషంపావుకు ఒకటి చొప్పున వదిలితే గంటకు 1,152 మంది ఎక్కేవారు, ఆ వరసే ఉండేది కాదు. అందుచేత నేరమంతా పాసు మీద మోపడం న్యాయం కాదని నేనే ఒప్పుకుంటున్నాను. అయితే పాసుకూ ఆ కవరుకూ సంబంధం లేకపోలేదు. ఏడాది డబ్బు ముందే చేతికి వచ్చాక, ఆ మనిషి మళ్ళీ వచ్చినప్పుడల్లా సంస్థకు టికెట్టు రూపంలో కొత్తగా వచ్చేది ఏమీ లేదు. అతని కోసం అదనంగా ఇద్దరు ఆపరేటర్లను పెట్టడం ఖర్చుగానే కనబడుతుంది. ఆ ఆదాను తలకెత్తుకుని మోసేది మాత్రం ఆనాడే పూర్తి ధర చెల్లించి లోపలికి వచ్చినవాడు. ఇంకొక మాట. ప్రతి బండిలోనూ రెండు మూడు సీట్లు ఖాళీగా వెళ్ళాయి, ఎందుకంటే నలుగురు కలిసి వచ్చినవారు విడిపోవడానికి ఇష్టపడరు. ఒంటరిగా వచ్చినవారికి వేరే చిన్న వరస పెట్టి ఆ సీట్లు నింపవచ్చని బయటి దేశాల పార్కులు ఎప్పుడో కనిపెట్టాయి.

3. మా రాకపోకల లెక్క తమకు తెలియదనుకుంటాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ఊళ్ళలోని తెలుగువారికైనా, మహారాష్ట్ర వైపు సిరొంచ, బల్లార్‌పూర్ తెలుగువారికైనా, పెద్ద పార్కు అంటే ఒక రాత్రి ప్రయాణం, ఒక రోజు కూలి లేదా సెలవు, రానూపోనూ ఛార్జీలు, లాకరు అద్దె, ఈత బట్టల అద్దె, బయటి తిండి తేరాదు కనుక లోపలి ధరకు భోజనం. మూడు నాలుగు రోజుల టికెట్ల ధరకు ఏడాది పాసు వస్తుందని తమ ప్రకటన చెబుతుంది, నిజమే. పార్కుకు అరగంట దూరంలో ఉన్నవాడు అందులో పదిసార్లు వస్తాడు, ఒక్కో రాకకు అతనికి పడేది టికెట్టులో మూడో వంతు. వాడికి ఈ రోజు రైడు దొరకకపోతే వచ్చే వారం ఉంది. మాకు వచ్చే వారం లేదు, చాలామందికి వచ్చే ఏడాదీ లేదు. ఒకే వరసలో వెనకా ముందూ నిలబడిన ఈ ఇద్దరిలో ఎక్కువ చెల్లించినవాడే ఎక్కువ పోగొట్టుకుంటున్నాడు.

4. సెలవుల లెక్క మరీ విచిత్రం. పాసు చెల్లని రోజుల జాబితాను తమరు పార్కు ఉన్న రాష్ట్రపు క్యాలెండరు ప్రకారం తయారు చేస్తారు. మా పిల్లలు ఒడిశా బడుల్లో చదువుకుంటారు. జూన్ నడిమిన రజ పండుగకు, ఆషాఢంలో రథయాత్రకు వారికి సెలవులు ఉంటాయి, ఆంధ్ర వైపులాగా సంక్రాంతికి వారం పది రోజులు ఉండవు. రజకు మేము బయలుదేరి వస్తే, అది తమ లెక్కలో బడులు తెరిచిన మామూలు రోజు కాబట్టి సగం రైడ్లు మరమ్మతులో, సగం బండ్లు కవరు కింద ఉంటాయి. సంక్రాంతికి బంధువుల ఇంటికి వచ్చి అక్కడి నుంచి బయలుదేరితే, అది తమకు ఏడాదిలోకెల్లా రద్దీ రోజు. మా పక్కింటివారు మాటకు లొంగి నాలుగు పాసులు కొన్నారు. వారికి వీలైన రోజుల్లో సగం పాసు చెల్లనివే అయ్యాయి, ఏడాదికి ఒక్కసారి వెళ్ళగలిగారు. ప్రకటన తెలుగులో ఉంది, చెల్లని రోజుల జాబితా ఇంగ్లీషులో ఉంది.

5. వరస పెరిగేకొద్దీ ఫాస్ట్ ట్రాక్ టికెట్టుకు, అంటే అదనంగా చెల్లించి వరసను దాటిపోయే టికెట్టుకు, గిరాకీ పెరుగుతుంది. ఆ 720 సీట్లలో మూడో వంతు అదనంగా చెల్లించినవారికి పోతే మిగిలేవి 480, అప్పుడు 900 మంది వరసలో చివరివాడు ఆగవలసింది 75 నిమిషాలు కాదు, 112 నిమిషాలు. పాసుల ద్వారా వరసను పెంచడం, ఆ వరస నుంచి తప్పించుకునే దారిని మళ్ళీ అమ్మడం, రెండూ ఒకే గల్లాపెట్టెలోకి వెళ్తున్నప్పుడు వరస తగ్గించాలన్న కోరిక ఎవరికి పుడుతుంది? తమరి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు, ఏర్పాటు మాత్రం అలాగే ఉంది.

6. నీడ లేని చోట్ల చంకన పిల్లలతో, మధుమేహం మాత్రలు వేసుకునే పెద్దలతో నిలబడేవారి సంగతి వేరే వర్ణించనక్కరలేదు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ వరసలోంచి నీళ్ళకు వెళ్తే తిరిగి తన చోటికి రానివ్వలేదు.

బయటి దేశాల్లో ఈ సమస్యతో పెద్ద సంస్థలే తంటాలు పడ్డాయి. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కు చుట్టుపక్కల ఊళ్ళవారే పెద్ద సంఖ్యలో పాసుదారులు. కోవిడ్ మూసివేత కాలంలో, 2021 జనవరిలో, ఆ సంస్థ పాత పాసుల పద్ధతిని ఎత్తివేసి, అదే ఏడాది ఆగస్టులో మ్యాజిక్ కీ పేరుతో 399 డాలర్ల నుంచి 1,399 డాలర్ల వరకు నాలుగు తరగతుల పాసులు తెచ్చి, వచ్చే తేదీని ముందుగా రిజర్వు చేసుకోవాలని నియమం పెట్టింది. అందులో అన్నిటికంటే ఖరీదైన పాసుకు చెల్లని రోజులు లేవని చెప్పి అమ్మారనీ, తీరా చూస్తే రిజర్వేషన్లు దొరకడం లేదనీ కొన్నవారు కోర్టుకెక్కారు. చివరికి 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. టోక్యో డిస్నీ అయితే 2020లో మూతపడినప్పుడు వార్షిక పాసులను రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చి, తెరిచాక వాటిని తీసుకురాకుండానే నడిపింది. దీనికి ఎదురుదిశ ఉదాహరణ కూడా చెప్పాలి. సిక్స్ ఫ్లాగ్స్ అనే అమెరికన్ సంస్థ 2022లో పాసుల మీదా టికెట్ల మీదా ఇస్తూ వచ్చిన రాయితీలను బాగా తగ్గించి ధర పెంచింది. ముందటి ఏడాది 2.77 కోట్లున్న సందర్శకులు 2.05 కోట్లకు పడిపోయారు. ఉన్నవారికి వరసలు తగ్గాయేమో గాని, వ్యాపారం కుంగింది. పాసే వద్దని మేము అనకపోవడానికి కారణం ఇదే. వానాకాలం బుధవారం నాడు పార్కు ఖాళీగా ఉండకుండా, రైడ్లు తిరుగుతూ ఉండేది ఆ కుర్రవాడి లాంటివారి వల్లనే. పాసును ఏ రోజుకు, ఎంతమందికి అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు కోసం కాలిఫోర్నియా దాకా పోనక్కరలేదు. నేను పనిచేసిన శాఖలోనే ఉంది. రోజూ ప్రయాణించేవారికి రైల్వే నెలవారీ సీజన్ టికెట్టును ఎంతో చౌకగా ఇస్తుంది, 150 కిలోమీటర్ల హద్దులోనే ఇస్తుంది. అయితే ఆ సెకండ్ క్లాసు సీజన్ టికెట్టు పట్టుకుని దూరప్రయాణికుడి రిజర్వుడు బెర్తు మీద కూర్చునే హక్కు ఇవ్వదు. రోజూ వచ్చేవాడికి చౌక, దూరం నుంచి వచ్చేవాడికి చోటు, రెండూ ఒకే బండిలో ఇమిడాయి. (ఆ నియమాన్ని ఉదయం పూట ఎంతమంది పాటిస్తారన్నది వేరే కథ.) తిరుమలలో సైతం సర్వదర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్లు ఇస్తున్నారు. దేవుడి దగ్గరే కుదిరిన పద్ధతి జారుడుబండ దగ్గర ఎందుకు కుదరదు?

కనుక మా కోరికలు ఇవి.

1. ప్రతి రైడు గంటకు ఎంతమందిని మోయగలదో లెక్కగట్టి, దానికి తగ్గట్టు పార్కులోకి రోజుకు ఎంతమందిని అనుమతిస్తారో ప్రకటించాలి. శని, ఆదివారాల్లోనూ పండుగ సెలవుల్లోనూ ఆ సంఖ్యలో పాసుదారుల వాటా ఎంతో ముందే నిర్ణయించి, వారు తేదీ రిజర్వు చేసుకుని వచ్చేలా చూడాలి. రద్దీ రోజుల్లో సాయంత్రం నాలుగు దాటాక పాసును అనుమతించినా మాకు అభ్యంతరం లేదు. మా రైలు ఎలాగూ రాత్రికే. అయితే పాసు కొన్నవారికి తేదీలు నిజంగా దొరకాలి. దొరకనన్ని పాసులు అమ్మి తేదీలు లేవనడం మా పక్కింటివారికి జరిగిన అన్యాయాన్ని ఇంకో పేరుతో చేయడమే అవుతుంది.

2. ఆ రోజు ఏ రైడు మూసి ఉంది, ఏ కోస్టర్‌కు ఎన్ని బండ్లు నడుస్తున్నాయి అన్నది టికెట్టు కౌంటరు దగ్గరే, డబ్బు తీసుకోకముందే, రాసి పెట్టాలి. రైలు నాలుగు గంటలు ఆలస్యమని తెలిస్తే టికెట్టు అడిగినవాడికి ఆ మాట చెప్పేవాళ్ళం.

3. నిరీక్షణ బోర్డుల మీద నిజమైన సమయం ఉండాలి. వరస మొదట్లో చేరినవాడి చేతికి సమయం వేసిన చీటీ ఇచ్చి, పైన దాన్ని తీసుకుని చూస్తే ఎంత పట్టిందో తెలిసిపోతుంది. దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు.

4. ఎత్తు కొలిచే కర్ర గేటు దగ్గర ఉండాలి. కొలిచాక పిల్లల చేతికి రంగు పట్టీ కట్టి పంపితే, ఏ రైడుకు పనికివస్తారో వారికీ మాకూ తెలుస్తుంది.

5. ఫాస్ట్ ట్రాక్‌కు ఇచ్చే సీట్లకు పరిమితి పెట్టి, ఆ పరిమితిని మామూలు వరస మొదట్లో రాయాలి.

6. పాసు చెల్లని రోజుల జాబితా, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే పేజీలో ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రకటనకు జోడించే షరతు ప్రకటన ఉన్న భాషలోనే ఉండాలంటున్నాయి. ఒడిశా బడుల సెలవులను కూడా తమ రద్దీ అంచనాలో చేర్చుకోవాలని సవినయంగా కోరుతున్నాము.

7. పర్యాటక శాఖల అధికారులకు ప్రత్యేకంగా ఒక మనవి. వినోద పార్కుల మీద జీఎస్టీని 2018 జనవరిలో 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. అది సామాన్య కుటుంబాలకు మేలు చేసే తగ్గింపు అని మేమూ సంతోషించాము. రైడ్ల భద్రత తనిఖీతో పాటు గంటవారీ సామర్థ్యం, రోజువారీ అనుమతి సంఖ్య, అమ్మిన పాసుల సంఖ్య కూడా పార్కులు తమరికి ఏటా సమర్పించాలని అనుమతి షరతుల్లో చేర్చండి. అమ్మిన పాసులెన్నో ఇప్పుడు పార్కు గేటు దగ్గర అడిగితే ఎవరూ చెప్పరు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. అంటే పార్కు ఏ రాష్ట్రంలో ఉన్నా మేము రాయగడలోనే వేయగలము. పాత చట్టం కాలంలో మాలాంటివారు పార్కు ఉన్న ఊరికి వాయిదాలకు తిరగవలసి వచ్చేది కనుక చాలామంది ఊరుకునేవారు. ఈ లేఖ ప్రతితో పాటు, నా జేబు పుస్తకంలోని ఆ రోజు పేజీల నకలును, పదిహేడు టికెట్లను, ఈమెయిళ్ళ జవాబులను ఆ పార్కు యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాము. ముప్పై రోజుల్లో మనిషి రాసిన జవాబు వస్తే కూర్చుని మాట్లాడతాము, అవసరమైతే మరోసారి రాత్రి రైలెక్కి వస్తాము. రాకపోతే మొదట వినియోగదారుల ఫిర్యాదుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆపైన జిల్లా కమిషన్‌కు వెళ్తాము.

ఇట్లు,
ఒక విశ్రాంత బుకింగ్ క్లర్కు,
ఆయనతో కలిసి ప్రయాణించిన మరో మూడు కుటుంబాల పెద్దలు,
రాయగడ.